కార్డు ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం!

బీరువాలో పడున్న పాత డిజిటల్ కెమెరాలు మళ్లీ బయటికొస్తున్నాయి. వాటిలోని ఫొటోలు, వీడియోల్ని లినక్స్ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోవడం చాలా తేలిక. కంపెనీ సీడీ కూడా అక్కర్లేదు. కానీ ఒక్కచోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

మొన్న సంక్రాంతికి పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లాం. భోగికి ముందురోజు సాయంత్రం మా పిన్ని కూతురు బీరువా పైఅరలోంచి ఓ పాత డిజిటల్ కెమెరా పట్టుకొచ్చింది. 2011లో మామయ్య దుబాయ్ నుంచి తెచ్చిన కెమెరా అది. ఇన్‌స్టాలో ఇప్పుడు ‘డిజీక్యామ్’ ఫొటోల ట్రెండ్ నడుస్తోంది కదా, తెల్లవారుజామున భోగిమంట ఫొటోలు దీంతోనే తీస్తానని కూర్చుంది. ఛార్జర్ వెతికి బ్యాటరీ ఎక్కించాం. ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఒకటే మాట: ‘మెమొరీ ఫుల్’.

ఇంట్లో ఓ పాత ల్యాప్‌టాప్ ఉంది. విండోస్‌తో నత్తలా నడుస్తుంటే రెండేళ్ల కింద నేనే దాంట్లో లినక్స్ మింట్ వేశాను. చెల్లి కెమెరాలోంచి 8 జీబీ కార్డు తీసి ల్యాప్‌టాప్ పక్కనున్న స్లాట్‌లో పెట్టింది. ఫొటోల ఫోల్డర్ మొత్తం కాపీ చేసింది. పది నిమిషాల్లో పని అయిపోయింది.

“అన్నయ్యా, ఫొటోలన్నీ వచ్చేశాయి. కార్డు ఫార్మాట్ కొట్టేయనా?”

నేను సరే అనబోతుంటే వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. “ఒరేయ్, అందులో తాతయ్య వీడియో ఉండాల్రా. మీకు భోగి పిడకల దండ గుచ్చడం చూపించాడు, గుర్తులేదా?”

తాతయ్య పోయి ఏడేళ్లయింది. ఆయన ఫొటోలు ఇంట్లో చాలానే ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. కాపీ చేసిన ఫోల్డర్ అంతా వెతికాం. ఆరొందల పైచిలుకు ఫొటోలున్నాయి, వీడియో ఒక్కటీ లేదు. “ఎప్పుడో డిలీట్ చేసేసుంటారులే” అంది చెల్లి.

అప్పుడు ఊరికే కార్డు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూశాను. కార్డులో నిండిన చోటు 7 జీబీ పైనే. మేం కాపీ చేసిన ఫోల్డర్ 3 జీబీ కూడా లేదు. మరి మిగతా 4 జీబీ ఏంటి?

ఫొటోలు ఒకచోట, వీడియోలు ఇంకోచోట

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైల్స్ యాప్ తెరిస్తే ‘డీసీఐఎం’ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. డిజిటల్ కెమెరా ఇమేజెస్ అన్నదానికి పొట్టిపేరు అది. డిజిటల్ కెమెరాలన్నీ ఒకేలా ఫైళ్లు దాచాలని 1998లో జపాన్ పరిశ్రమ సంఘం పెట్టుకున్న ప్రమాణం నుంచి ఇది వచ్చింది. కెమెరాల తర్వాత ఫోన్లూ ఆ అలవాటే పట్టుకున్నాయి. అందుకే ఏ కంపెనీ కార్డు పెట్టినా డీసీఐఎం ఉంటుంది. దానిలోపల 100తో మొదలయ్యే పేరున్న ఫోల్డర్, అందులో ఫొటోలు.

చిక్కు వీడియోలతోనే. 2009 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన చాలా కెమెరాలు, క్యామ్‌కార్డర్లు హెచ్‌డీ వీడియోని ‘ఏవీసీహెచ్‌డీ’ అనే పద్ధతిలో రికార్డు చేసేవి. సోనీ, ప్యానసోనిక్ కలిసి తెచ్చిన పద్ధతి ఇది. దీని ఫైళ్లు డీసీఐఎంలో ఉండవు. కార్డులో ‘ప్రైవేట్’ అనే ఇంకో ఫోల్డర్, దానిలో ‘ఏవీసీహెచ్‌డీ’, దానిలో ‘బీడీఎంవీ’, దానిలో ‘స్ట్రీమ్’. అన్ని తలుపులు తెరుచుకుంటూ పోతే అక్కడ 00000, 00001 అని అంకెలే పేర్లుగా, ‘ఎంటీఎస్’ అనే తోకతో ఫైళ్లు కనిపిస్తాయి. అవే మన వీడియోలు. సోనీ కొత్త కెమెరాల్లోనూ ఎక్స్ఏవీసీ వీడియోలు ఈ ప్రైవేట్ ఫోల్డర్‌లోనే, ‘ఎం4రూట్’ కింద ‘క్లిప్’లో ఉంటాయి.

‘ప్రైవేట్’ అని పేరుంటే ఎవరైనా ఏమనుకుంటారు? కెమెరా సొంత ఫైళ్లేమో, మనకెందుకులే అనుకుంటారు. మా చెల్లి కూడా అదే అనుకుని వదిలేసింది. ఆ ఫోల్డర్‌లోకి దిగితే 30కి పైగా క్లిప్పులున్నాయి. ఒక్కొక్కటీ వీఎల్‌సీలో తెరుచుకుంటూ పోయాం. అరుగు మీద తాతయ్య కనిపించేసరికి రాత్రి తొమ్మిదైంది.

అందుకే ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఇది చెప్తాను: డీసీఐఎం ఒక్కటే కాదు, కార్డులో ఉన్నదంతా కాపీ చేయండి. ఏది పనికొస్తుంది, ఏది రాదు అన్నది తీరిగ్గా ల్యాప్‌టాప్‌లో చూసుకోవచ్చు.

కేబులా, కార్డు రీడరా?

కెమెరాలోంచి లినక్స్‌లోకి రావడానికి రెండు దారులున్నాయి.

మొదటిది కేబుల్. చాలా పాత కెమెరాలకు మినీ యూఎస్‌బీ ఉంటుంది. కొన్నింటికి ఆ కంపెనీ సొంత ఆకారపు కేబులే కావాలి. కేబుల్ పెట్టి కెమెరా ఆన్ చేస్తే అది కంప్యూటర్‌తో రెండు రకాలుగా మాట్లాడగలదు. ‘మాస్ స్టోరేజ్’ మోడ్‌లో పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. ‘పీటీపీ’ మోడ్‌లో కెమెరాగానే కనిపించి, ఫొటోలు ఒక్కొక్కటిగా అందిస్తుంది. పీటీపీ అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 15740. అందుకే పెట్టెలో వచ్చిన సీడీ లేకపోయినా పని నడుస్తుంది. పైగా లినక్స్‌లో ‘లిబ్‌జీఫోటో2’ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ముందే ఉంటుంది. ప్రపంచం నలుమూలలా ఉన్న డెవలపర్లు రాసిన కోడ్ అది. 2,500కు పైగా కెమెరా మోడళ్లతో పనిచేస్తుంది. కంపెనీ వదిలేసిన కెమెరా కూడా ఇక్కడ బతికే ఉంటుంది.

అయితే పీటీపీ మోడ్‌లో కొన్ని కెమెరాలు ఫొటోలే చూపించి, ఏవీసీహెచ్‌డీ వీడియోల్ని చూపించవు. మెనూలో ‘యూఎస్‌బీ కనెక్షన్’ అనే చోటకెళ్లి మాస్ స్టోరేజ్ ఉంటే అది పెట్టుకోండి.

రెండో దారి కార్డు రీడర్. నా ఓటు దీనికే. కార్డు తీసి రీడర్‌లో పెడితే అన్ని ఫోల్డర్లూ కనిపిస్తాయి, ఏదీ దాగదు. పాత కెమెరా బ్యాటరీ కాపీ మధ్యలో చచ్చిపోతుందన్న భయమూ ఉండదు. కొన్ని వందల రూపాయల్లో మంచి రీడర్ దొరుకుతుంది. కొనేముందు మీ కార్డు ఏ రకమో చూసుకోండి. పాత ఒలింపస్, ఫుజీఫిల్మ్ కెమెరాల్లో ఎక్స్‌డీ కార్డులు, పాత సోనీల్లో మెమొరీ స్టిక్‌లు ఉండేవి. అన్ని రీడర్లలోనూ వాటికి చోటుండదు.

ఇంకో చిన్న చిట్కా. ఎస్‌డీ కార్డు ఎడమ పక్కన బుల్లి తాళం మీట ఉంటుంది. రీడర్‌లో పెట్టే ముందు దాన్ని కిందికి, ‘లాక్’ వైపు జరపండి. మామూలు రీడర్లలో ఇక ఆ కార్డు మీద ఏదీ రాయలేం, చెరపలేం. కాపీ మాత్రం హాయిగా అవుతుంది. తొందరలో చెయ్యి జారి డిలీట్ పడకుండా ఇది కాపాడుతుంది.

పెద్ద కార్డులతో గొడవ తీరింది

2 జీబీ దాటి 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీ కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. ఇందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. పొడవైన వీడియో ముక్కలు ముక్కలుగా కనిపిస్తే కారణం అదే. పాడవలేదు, ముక్కలన్నీ తెచ్చుకోండి చాలు. 64 జీబీ నుంచి మొదలయ్యేవి ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. ఒకప్పుడు ఈ కార్డు పెడితే లినక్స్ తెల్లమొహం వేసేది, విడిగా ప్యాకేజీ వేసుకోవాల్సొచ్చేది. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు బయటపెట్టింది. 2020లో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.7లో మంచి డ్రైవర్ చేరింది. ఇప్పటి ఉబుంటు, మింట్‌లలో కార్డు పెట్టగానే తెరుచుకుంటుంది.

మీ కార్డు తెరుచుకోకుండా ఫార్మాట్ చేయమని ఏ సిస్టమ్ అడిగినా ఒప్పుకోవద్దు. ముందు ఇంకో రీడర్‌లోనో, ఇంకో కంప్యూటర్‌లోనో పెట్టి చూడండి.

కట్ వద్దు, కాపీయే ముద్దు

ఇది నా సొంత తప్పులోంచి నేర్చుకున్నది. బీటెక్ ఆఖరి ఏడాది టూర్ ఫొటోలు ఫ్రెండ్ కార్డులో ఉంటే, ‘కట్’ చేసి పెన్‌డ్రైవ్‌లో ‘పేస్ట్’ కొట్టాను. గీత చివరికొచ్చి మాయమైంది. పనైపోయింది కదా అని పెన్‌డ్రైవ్ లాగేశాను. హాస్టల్‌కెళ్లి చూస్తే సగం ఫొటోలు కిందిభాగం బూడిదరంగులో ఉన్నాయి. కొన్నైతే తెరుచుకోనే లేదు. కార్డులో చూస్తే ఖాళీ.

ఏం జరిగిందంటే, లినక్స్ వేగం కోసం ఫైళ్లని ముందు ర్యామ్‌లోకి తీసుకుని, తర్వాత మెల్లగా పెన్‌డ్రైవ్ మీద రాస్తుంది. మనకు పని అయినట్టు కనిపించినా లోపల రాత నడుస్తూనే ఉంటుంది. అందుకే ఫైల్ మేనేజర్‌లో డ్రైవ్ పేరు పక్కనున్న పైబాణం గుర్తు నొక్కి, తీసేయొచ్చన్న మాట వచ్చేదాకా ఆగాలి. ఆ ‘ఎజెక్ట్’ నొక్కే ఓపిక నాకు లేకపోయింది. పైగా ‘కట్’ చేయడంతో కార్డులోవి కూడా పోయాయి.

అప్పట్నుంచి నేను పాటించే వరస ఇదీ:

1. కార్డు తాళం వేసి రీడర్‌లో పెట్టడం.

2. ల్యాప్‌టాప్‌లో ముందే ఒక ఫోల్డర్ చేసుకోవడం. పేరు ‘2011-01 సంక్రాంతి’ అన్నట్టు ఏడాది, నెల ముందు ఉంటే ఫోల్డర్లు వాటంతటవే వరసలో నిలబడతాయి. లినక్స్‌లో ఫోల్డర్ పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు.

3. కార్డులో అన్నీ సెలెక్ట్ చేసి ఆ ఫోల్డర్‌లోకి కాపీ చేయడం.

4. రెండువైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయాయో లేదో చూడడం. మా తాతయ్య వీడియో దొరికింది ఈ లెక్కతోనే.

5. మొదట్లో, మధ్యలో, చివర్లో కొన్ని ఫైళ్లు తెరిచి చూడడం. వీడియో అయితే చివరిదాకా జరిపి చూడాలి.

6. ఇంకో కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో వేసి, ఎజెక్ట్ చేసి తీయడం.

7. ఇవన్నీ అయ్యాకే కార్డు తాళం తీసి కెమెరాలో పెట్టి, కెమెరా మెనూలోంచే ఫార్మాట్ చేయడం. అప్పుడే కెమెరాకి కావాల్సిన పద్ధతిలో కార్డు సిద్ధమవుతుంది.

కాపీ చేసేటప్పుడు ‘ఇదే పేరుతో ఇంకో ఫైలు ఉంది, రీప్లేస్ చేయాలా?’ అని అడిగితే ఆగండి. కెమెరా ఫొటోల పేర్లలో అంకె 0001 నుంచి 9999 వరకే ఉంటుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. రెండు కెమెరాలుంటే పేర్లు ఇంకా త్వరగా కలుస్తాయి. పేరొకటే అయినా ఫొటోలు వేరు కావచ్చు. రీప్లేస్ నొక్కితే పాతది పోయినట్టే. ప్రతిసారీ కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే ఈ తలనొప్పే ఉండదు.

ఏ యాప్ వాడాలి?

అప్పుడప్పుడూ చేసే పనైతే ఫైల్ మేనేజర్ చాలు. తరచూ ఫొటోలు తీసేవాళ్లకి ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ యాప్‌లు ఇవి.

షాట్‌వెల్: తేలికైనది. తేదీల వారీగా ఫొటోలు సర్దిపెడుతుంది. దింపుకోవడం అయ్యాక కెమెరాలోవి ఉంచాలా, తీసేయాలా అని అడుగుతుంది. ప్రతిసారీ ‘కీప్’ అనే నొక్కండి.

ర్యాపిడ్ ఫోటో డౌన్‌లోడర్: దింపడం ఒక్కటే దీని పని, కానీ బాగా చేస్తుంది. పేర్లు మార్చడం, ఫోల్డర్లు చేయడం, అదే సమయంలో రెండో డ్రైవ్‌లో బ్యాకప్ వేయడం అన్నీ చూసుకుంటుంది. ముందు తీసుకున్న ఫొటోలేవో గుర్తుంచుకుంటుంది కూడా.

డిజీక్యామ్: మన ట్రెండ్ పేరే ఈ సాఫ్ట్‌వేర్‌కీ ఉంది. వేలకొద్దీ ఫొటోలున్నవాళ్లకి, ట్యాగులతో వెతుక్కోవాలనుకునేవాళ్లకి ఇది సరిపోతుంది.

కేబుల్‌తో పెట్టినప్పుడు యాప్‌లో ‘కెమెరా బిజీగా ఉంది’ లాంటి ఎర్రర్ వస్తే కంగారు పడొద్దు. చాలాసార్లు ఫైల్ మేనేజర్ ముందే కెమెరాని పట్టుకుని ఉంటుంది. అక్కడ ఎజెక్ట్ నొక్కి, కేబుల్ తీయకుండానే యాప్‌లో మళ్లీ ప్రయత్నించండి.

తేదీ తప్పు, వీడియోలో గీతలు

కెమెరా ఏళ్ల తరబడి మూలన పడుంటే లోపలి గడియారం మొదటికి వెళ్లిపోతుంది. ఆన్ చేయగానే తేదీ అడిగితే దాటేయకండి. లేకపోతే నేడు తీసిన ఫొటోలు పదేళ్ల కిందటి ఆల్బమ్‌లో చేరతాయి. ఇప్పటికే తప్పు తేదీతో తీసేసుంటే డిజీక్యామ్‌లో ‘టైమ్ అడ్జస్ట్’ ఉంది. అన్ని ఫొటోల్నీ ఒకేసారి సరైన తేదీకి జరుపుతుంది. ఇది కాపీ మీద చేయండి, ఒరిజినల్ మీద కాదు.

ఎంటీఎస్ వీడియోల్లో మనుషులు కదిలినప్పుడు దువ్వెన పళ్లలా గీతలు కనిపించొచ్చు. పాత టీవీల కోసం ఒక్కో ఫ్రేమ్‌ని రెండు సగాలుగా రికార్డు చేసే పద్ధతి వల్ల వచ్చేవి అవి. వీఎల్‌సీలో ‘డీఇంటర్‌లేస్’ ఆన్ చేస్తే పోతాయి. ఫోన్‌లో చూడాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే యాప్‌తో ఎంపీ4గా మార్చుకోండి. అందులోనూ డీఇంటర్‌లేస్ ఉంది. మార్చాక ఎంటీఎస్ ఫైల్ని తీసేయొద్దు. మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంచెం తగ్గుతుంది, అసలుది ఉంటే ఎన్నిసార్లయినా మళ్లీ చేసుకోవచ్చు.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాం కదా, అదే బ్యాకప్ అనుకునేవాళ్లూ ఉన్నారు. మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గుతుంది, ఎప్పుడు తీశారన్న వివరాలూ పోతాయి. అసలు ఫైలు చేరాలంటే ‘డాక్యుమెంట్’గా పంపాలి.

పొరపాటున చెరిపేస్తే?

మొట్టమొదట చేయాల్సింది ఆ కార్డు వాడకం ఆపడం. డిలీట్ చేసినా, కెమెరాలో మామూలు ఫార్మాట్ చేసినా చాలాసార్లు పోయేది జాబితా మాత్రమే. ఫొటోల డేటా కార్డులో అలాగే ఉంటుంది. దానిమీద కొత్త ఫొటో పడ్డాక మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

‘ఫోటోరెక్’ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. క్రిస్టఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్‌తో కలిసి వస్తుంది. ఇది కార్డుని చదువుతుందే తప్ప దానిమీద ఏమీ రాయదు. దొరికిన ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో వేరే ఫోల్డర్‌లోకి వచ్చేలా పెట్టుకోవాలి, అదే కార్డులోకి ఎప్పుడూ కాదు. స్క్రీన్ చూడ్డానికి పాతకాలం ఏటీఎమ్‌లా ఉంటుంది కానీ, అడిగినదానికి బాణం మీటలతో జవాబిస్తే చాలు. నా టూర్ ఫొటోల్లో చాలావరకు వెనక్కి తెచ్చింది ఇదే. పాత పేర్లు పోయి, అంకెల పేర్లతో వచ్చాయి. వరస కుదర్చడానికి రెండు రాత్రులు పట్టింది. కొన్ని ఎప్పటికీ రాలేదు.

నాలుగు నిమిషాల తాతయ్య

మళ్లీ ఆ రాత్రికొద్దాం. కార్డంతా ల్యాప్‌టాప్‌లోకి, అక్కణ్నుంచి నా హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాం. సంఖ్య సరిచూశాం, సైజు సరిచూశాం. తర్వాత ల్యాప్‌టాప్ తీసుకెళ్లి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, అమ్మమ్మని పిలిచాం.

నాలుగు నిమిషాల వీడియో. తాతయ్య అరుగు మీద కూర్చుని ఎండిన పిడకల్ని తాడుకి ఎక్కిస్తున్నాడు. పక్కన నేను, చేతిలో సగం విరిగిన పిడక. “ఒరేయ్, మధ్యలో చిల్లు పెద్దదైతే దండ నిలబడదు, పారెయ్యి దాన్ని” అంటున్నాడు. వెనకాల ఎక్కడో అమ్మమ్మ కాఫీకి పిలుస్తోంది. “వస్తున్నానే” అని అరిచాడు తాతయ్య.

అమ్మమ్మ చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, “ఆ ముక్క మళ్లీ పెట్టు నాన్నా” అంది. ‘వస్తున్నానే’ అన్నచోటికి జరిపి మళ్లీ పెట్టాను. మూడుసార్లు విన్నది.

రెండు కాపీలూ సరిగ్గా ఉన్నాయి కాబట్టి కార్డు ఫార్మాట్ చేసుకోవచ్చని చెల్లికి చెప్పాను. అది వినలేదు. మామయ్య బండి తీసుకుని, మూసేస్తున్న ఫొటో స్టూడియోవాణ్ని బతిమాలి కొత్త 16 జీబీ కార్డు తెచ్చింది. పాతదానికి తాళం మీట కిందికి జరిపి అమ్మమ్మ చేతిలో పెట్టింది.

తెల్లారి భోగిమంట ఫొటోలన్నీ కొత్త కార్డులోకే వెళ్లాయి. ఈసారి కెమెరాలో తేదీ కూడా సరిచేశాం.